ఎడమ చేతికి కుట్టిన సంచి

పెనుకొండలో ఎస్తేరమ్మ చేతికింద తడవని పసివాడు అరుదు. ఈ మాట ఆమె తన గురించి తాను చెప్పుకునేదే అనుకోండి, అయినా అబద్ధం కాదు. బస్టాండు దగ్గర పదో తరగతి మగపిల్లలు గుంపుగా నిలబడి ఉంటే సందు చేసుకుని మధ్యలోకి దూరి, ఒకడి గడ్డం పట్టుకుని, "ఈ ముక్కు నేను తీర్చిందే. లేకుంటే నీకూ మీ నాయన ముక్కే వచ్చుండు" అంటుంది. ఆ పిల్లవాడు స్నేహితుల ముందు సిగ్గుతో చచ్చిపోతాడు. ఆమెకు అదేమీ పట్టదు.

వయసు అరవై మూడు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. పెళ్లైన కొత్తలో ఒక కాన్పుల ఆసుపత్రిలో ఆయాగా చేరి పదకొండేళ్లు చేసింది. అది మూతపడ్డాక ఇల్లిల్లూ తిరిగి బాలింతలకూ పసిపిల్లలకూ నీళ్లు పోయడం మొదలుపెట్టింది. ఆదివారం చర్చికి వెళ్లాలన్నా ముందు ఇద్దరు ముగ్గురు పిల్లలకు లాలపోసి, తడి కొంగు పిండుకుని, అప్పుడు వెళుతుంది. చెక్కపీట మీద కూర్చుని, చీర మోకాళ్లపైకి దోపి, కాళ్లు బార్లా చాపి, వాటిమీద బిడ్డను పడుకోబెట్టుకుంటుంది. మొదట ఆముదం, తర్వాత సున్నిపిండి, ఆ తర్వాత కాగిన నీళ్లు. లోకంలో ఏ రోగానికైనా ఆమె దగ్గర ఉన్నది ఒకటే మందు, ఆముదం. బిడ్డ ఏడుస్తుంటే ఊరుకోబెట్టదు, వాడికంటే గట్టిగా కబుర్లు చెబుతుంది. టమోటా ధర, పక్కింటి వాళ్ల గొడవ, పాస్టరుగారి కొత్త స్కూటరు, అన్నీ చెబుతుంది. బిడ్డ కాసేపటికి ఏడుపు మానేసి ఆమె నోటివైపే చూస్తాడు. మరి వినకపోతే వదిలిపెడుతుందా?

నీలావతమ్మ ఇంటికి ఆమె నీళ్లు పోయడానికి కుదిరింది గత ఏడాది కార్తీకంలో. నీలావతమ్మది తరాలుగా పాతుకుపోయిన రైతు కుటుంబం. ఎనిమిదెకరాల వేరుశనగ, ఒక బోరు, కోట కింద పాత మిద్దె. భర్త ఓబులేసు పోయి నాలుగేళ్లు. కొడుకు వేణుగోపాల్ కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగి, కోడలు యామిని ధర్మవరం పిల్ల. కాన్పుకు పుట్టింటికి వెళ్లి, బిడ్డకు ఐదో నెల నిండాక మగబిడ్డతో తిరిగొచ్చింది.

ఆ బిడ్డకు ధర్మవరంలో పెట్టిన పేరు ఓజస్. తాత పేరులోని మొదటి అక్షరం కలిసొచ్చింది కదా అని వాళ్లు సంతోషపడ్డారు. పెనుకొండలో దిగిన పూటే ఆ పేరు గాలికి పోయింది. ఇరుగుపొరుగంతా ఓబులేసు అనే పిలిచారు. నీలావతమ్మ ఒక్కతే ఆ పేరు పలకదు. మొగుడి పేరు నోటితో ఎట్లా అంటుంది? అందుకని ఆమె ఆర్నెల్ల పసికందును "ఆయప్ప" అనేది. "ఆయప్ప పాలు తాగినాడా? ఆయప్ప నిద్ర లేసినాడా?" కొత్తగా వచ్చినవాళ్లు ఎవరో పెద్దమనిషి లోపల పడుకున్నాడనుకుని గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు.

ఆయప్ప రావడంతోనే ఒక సంగతి బయటపెట్టాడు. ఏది చూపించినా ఎడమ చెయ్యే చాపేవాడు. గిలక్కాయ చూపిస్తే ఎడమ చెయ్యి, అమ్మ తాళి కనిపిస్తే ఎడమ చెయ్యి. అది చూసి ఇంట్లోవాళ్లకు పండగైంది, ఎందుకంటే పోయిన ఓబులేసు ఎడమచేతివాటం మనిషి. "తాత మళ్లీ పుట్టినాడు" అని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. నీలావతమ్మ ఒక పూటంతా ఏడ్చింది, అది సంతోషమే. మరుసటి రోజు ఆ సంతోషంలోంచే దిగులు పుట్టింది.

ఆ దిగులూ ఊరికే రాలేదు. ఎడమచెయ్యని ఓబులేసును బతికినంత కాలం మనుషులు కాల్చుకుతిన్నారు. పెళ్లి పంక్తిలో ఆయన్ను చివర కూర్చోబెట్టేవాళ్లు. ఆయన విత్తు తీసి చల్లితే పొలం పండదని కూలివాళ్లు గొణిగేవాళ్లు. ఒక వియ్యాలవారింట్లో ఆయన అలవాటుగా ఎడమచేత్తో తాంబూలం అందిస్తే అవతలి మనిషి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ రోజు ఆయన ఇంటికొచ్చి అన్నం తినలేదు. నీలావతమ్మ అది మరిచిపోలేదు. మనవడికి ఆ గతి పట్టనివ్వనని, భర్త పాత పంచె ఒకటి చింపి, గోరంత కుట్టుతో చిన్న సంచి కుట్టి, బిడ్డ ఎడమ చేతికి తొడిగి నాడాతో మణికట్టు దగ్గర ముడివేసింది.

"మొక్కై వంగనిది మానై వంగునా?" అంది కోడలితో. "రెండు నెలలు కట్టితే కుడిచెయ్యి దానంతట అదే వస్తాది."

యామినికి నచ్చలేదు. కానీ అత్త కళ్లలో నీళ్లు చూసి కాదనలేకపోయింది.

ఎస్తేరమ్మ నీళ్లు పోసేటప్పుడు మాత్రం ఆ సంచి విప్పక తప్పదు. విప్పిన మొదటి వారమే ఆమెకు ఒక తేడా తెలిసింది. ఎడమ అరచెయ్యి సంచిలో ఉన్నా శుభ్రంగా ఉండేది. ఏ సంచీ లేని కుడి అరచేతిలో మాత్రం ప్రతిరోజూ నూలుపోగులు, మురికి, పుల్లటి పాల వాసన. బొటనవేలు లోపలికి మడుచుకుని, దానిమీద నాలుగు వేళ్లూ మూసుకుని, ఆ గుప్పిట ఎప్పుడూ బిగిసే ఉండేది. పుట్టిన బిడ్డలంతా గుప్పిట మూసుకునే వస్తారు. మూడో నెల దాటేసరికి విప్పేస్తారు. ఆర్నెల్లకు ఒక్క గుప్పిటే ఇంకా బిగిసి ఉందంటే అది ఎస్తేరమ్మకు నచ్చలేదు. నూనె మర్దనలో చేతుల్ని గుండెల మీద అటొకటి ఇటొకటి వేసి ఆడించేటప్పుడు ఎడమ చెయ్యి తేలిగ్గా వచ్చేది. కుడిది మోచేతి దగ్గర మొరాయించేది.

నాలుగు రోజులు ఆమె టమోటా ధర చెప్పలేదు. ఎస్తేరమ్మ నోరు మూసుకుని నీళ్లు పోసిందంటే పెనుకొండలో అది వార్తే.

ఐదో రోజు బిడ్డను తుడిచి యామిని చేతికిచ్చి, సంచి మళ్లీ తొడగడానికి వచ్చిన నీలావతమ్మతో అనేసింది.

"అది కట్టొద్దు నీలావతమ్మా. వాడు ఎడమచేతివాటం కాదు. కుడిచెయ్యి వానికి లేస్తాండ్లా. ఒకసారి డాక్టరుకు చూపిద్దాం."

నీలావతమ్మ మంచి మనిషే, కాకపోతే తన ఇంట్లో తన మాటే నెగ్గాలి. ఆమె మొహం ఎర్రబడింది.

"మేయ్, మా వంశంలో అవిటోళ్లు ఎవురూ లేరు. ఎడమచేతోళ్లు ఉండారు, అంతే! నీళ్లు పొయ్యమని పిలిస్తే డాక్టరు పని చేస్తాండావే. రేపట్నుంచి నువ్వు రావద్దు, పో."

ఎస్తేరమ్మ ఆముదం సీసా కొంగులో చుట్టుకుని వచ్చేసింది. దారిలో తనను తానే సమర్థించుకుంది. చెప్పాల్సింది చెప్పాను, ఇక వాళ్ల ఇష్టం. అదే నిజమైతే ఆమెకు ఆ రాత్రి అన్నం సహించి ఉండేది.

పొద్దున్నే గ్రేస్ వచ్చింది. గ్రేస్ ఎదురింటి పిల్ల, పందొమ్మిదేళ్లు, డిగ్రీ చదువుతోంది. ఆమె తల్లి తెల్లవారకముందే పనికి వెళ్లిపోతుంది, అందుకని రోజూ దువ్వెన పట్టుకుని జడ వేయించుకోవడానికి ఎస్తేరమ్మ గడపలో కూర్చుంటుంది. గ్రేస్ కుడిచెయ్యి మోచేతి దగ్గర మడిచినట్టు ఉంటుంది, వేళ్లు పట్టు నిలపవు. ఒంటిచేత్తో వంట చేస్తుంది, బట్టలు ఉతుకుతుంది, ఫోనులో టపటపా కొడుతుంది. ఒక్క జడే వేసుకోలేదు.

ఆ పిల్లకు తెలియని సంగతి ఒకటుంది. పసిగా ఉన్నప్పుడు ఆమెకు నీళ్లు పోసిన ఎస్తేరమ్మ, బిగిసిన ఆ గుప్పిటను ఆర్నెల్లప్పుడే చూసింది. నూనె పెట్టి రుద్దితే సరిపోతుందిలే అనుకుంది. చెబితే తన చేతివాసి మంచిది కాదంటారని, ఇంకెవరూ పిలవరని భయపడింది. ఆ భయంతో రెండేళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు రోజూ ఆ జడను పీటముడి పడేంత గట్టిగా అల్లుతుంది.

"అవ్వా, నొప్పి పెడతాండావు" అంది గ్రేస్.

"అట్లనే ఉండు" అని రిబ్బను ముడివేసి, ఎస్తేరమ్మ లేచి చెప్పులేసుకుని, రావద్దన్న ఇంటికి నేరుగా వెళ్లింది. రోజూ కూర్చునే చోటే పీట వేసుకుని కూర్చుని కాళ్లు చాపింది. అప్పుడే బిడ్డతో పెరట్లోకి వచ్చిన యామిని ఆగిపోయింది.

"బిడ్డను ఇట్లియ్యి, యామినీ. ఒక్కటి చూపిచ్చి పోతా."

యామిని ఇచ్చింది. అలికిడికి నీలావతమ్మ కూడా బయటికొచ్చింది. ఆమె నోరు తెరిచేలోపే ఎస్తేరమ్మ ఉతికిన తువ్వాలు ఒకటి తీసి బిడ్డ మొహమ్మీద పల్చగా కప్పింది. సంచి విప్పి ఉన్న ఎడమ చెయ్యి ఠక్కున లేచి తువ్వాలును లాగేసింది. బిడ్డ నవ్వాడు. మళ్లీ కప్పింది, ఈసారి ఎడమ చేతిని తన చేత్తో మెల్లగా పట్టుకుంది. తువ్వాలు కింద బిడ్డ కాళ్లు తన్నాడు, తల ఇటూ అటూ తిప్పాడు. కుడిచెయ్యి భుజం దగ్గర ఒకసారి కదిలి, గుప్పిట మూసుకునే ఉండి, పక్కకు పడిపోయింది. లోపలినుంచి ఏడుపు మొదలైంది. ఎస్తేరమ్మ వెంటనే తువ్వాలు తీసేసింది.

"మా ఎదురింటి గ్రేసుకు గుడ్డ కప్పి చూడను కూడా చూల్లేదు నేను" అంది. "ఆర్నెల్లకే గుప్పిట చూసినా. చెప్తే నా కూడు పోతాదని మూసుకుంటి. ఈపొద్దుకూ ఆ పిల్ల జడ నేనేస్తాండా. నన్ను తిట్టుకో నీలావతమ్మా, ఇంట్లోకి రానియ్యొద్దు. బిడ్డను మాత్రం చూపిచ్చు."

నీలావతమ్మ వచ్చి నేలమీద కూర్చుని, బిడ్డను తన ఒళ్లోకి తీసుకుని, తానే తువ్వాలు కప్పి, తానే ఎడమ చేతిని పట్టుకుంది. ఒక నిమిషం కూడా ఓర్చుకోలేకపోయింది. తువ్వాలు లాగి విసిరేసి బిడ్డను గుండెలకు అదుముకుంది.

"పనిచేసేది ఒక్క చెయ్యి. దాన్నే కట్టేసినా కదే, పాపిష్టిదాన్ని!"

పంచెగుడ్డ సంచి ఆ పూటే నీళ్లపొయ్యిలో కాలి బూడిదైంది.

మరునాడు వేణుగోపాల్ సెలవు పెట్టాడు. నలుగురు పెద్దవాళ్లు, ఒక బిడ్డ హిందూపురం బస్సెక్కారు. ఎస్తేరమ్మను నీలావతమ్మే రమ్మంది. "చూసింది నువ్వు కదా, నువ్వే చెప్పు" అని. పిల్లల డాక్టరు చూసి, స్కాన్ తీయించి, ఆ కాగితాలు వచ్చాక వ్యాయామాలు నేర్పించే శోభారాణి అనే ఆమె దగ్గరికి పంపాడు. ఈ శోభారాణికి ముప్పై దాటి ఉండవు. ఆమె కుర్చీలో కూర్చోదు, చాప మీద పిల్లలతో పాటు బోర్లా పడుకుని మాట్లాడుతుంది. ఎస్తేరమ్మకు ఆ ఒక్క కారణానికే ఆమె నచ్చింది.

"పుట్టకముందో, పుట్టేటప్పుడో, వీడి మెదడులో ఎడమపక్క కొంచెం చోటికి నెత్తురు అందలేదు. కుడిచేతిని నడిపించేది ఆ పక్కే" అంది శోభారాణి. "ఏడాది నిండేదాకా ఏ బిడ్డకీ చేతివాటం ఉండదమ్మా, రెండు చేతులూ చాపుతారు. ఒక్కటే చాపుతున్నాడంటే రెండోది రాలేకపోతోందని అర్థం. చాలామంది రెండేళ్లప్పుడు తీసుకొస్తారు. మీరు ఇప్పుడే తెచ్చారు. ఈ వయసులో మెదడు పచ్చిమట్టి, కొత్త దారులు వేసుకుంటుంది. అన్నీ సర్దుకుంటాయని నేను మాటివ్వను. చెయ్యి పనికి వచ్చేలా చేసుకుందాం."

"నూనెతో గట్టిగా రుద్ది ఆ గుప్పిట తెరిపిస్తా" అంది ఎస్తేరమ్మ.

"బలవంతంగా వద్దవ్వా. రుద్దితే తెరుచుకునేది కాదు. వాడికే తెరవాలనిపించాలి."

ఎస్తేరమ్మ ఆముదం తాగిన మొహం పెట్టింది. అసలు దెబ్బ ఇంకా ముందుంది.

"మరి అనిపించేదెట్లా?" అన్నాడు వేణుగోపాల్.

"రోజుకు రెండుసార్లు, అరగంటసేపు, ఎడమ చేతికి మెత్తటి గుడ్డ సంచి తొడగండి" అంది శోభారాణి. "ఆ అరగంటా కుడిచేతి పక్కనే వాడికి ఇష్టమైనవి పెట్టి ఆడించండి. అరగంట కాగానే విప్పేసి రెండు చేతులతో ఆడనివ్వండి."

వేణుగోపాల్ గోడవైపు చూశాడు. యామిని పెదవి కొరుక్కుంది. నీలావతమ్మ మెల్లగా, చాలా మెల్లగా, మెడ తిప్పి ఎస్తేరమ్మను చూసింది.

"విన్యావా?" అంది. "సంచి కట్టమంటాంది."

"నువ్వు కట్టింది ఏంటికి, ఈయమ్మ కట్టమనేది ఏంటికి!" అంది ఎస్తేరమ్మ. "నువ్వు పొద్దంతా కట్టి ఊరికే కూర్చుంటివి."

"ఎందుకైతే ఏమిలే. కట్టింది మొదట నేనా కాదా?"

శోభారాణికి ఈ గొడవ తలా తోకా తెలియలేదు. సంగతి విన్నాక నవ్వి, నీలావతమ్మ చెయ్యి పట్టుకుని, పొద్దంతా కట్టేస్తే ఎడమ చెయ్యి కూడా వెనకబడుతుందనీ, గడియారం చూసుకోవాలనీ రెండుసార్లు చెప్పింది. నీలావతమ్మ బుద్ధిగా తలూపింది. తిరుగు బస్సులో మాత్రం పెనుకొండ వచ్చేదాకా ఆమె మొహంలో దిగులూ గర్వమూ వంతులేసుకున్నాయి. ఇంటికి రాగానే అదే పంచెలో మిగిలిన ముక్కతో ఇంకో సంచి కుట్టింది.

ఆ తర్వాత మొదలైన అరగంటలు ఆ ఇంట్లో అందరికీ పరీక్షే. చాప మీద బిడ్డను కూర్చోబెట్టి, వెనక యామిని ఆనుకుని, కుడిపక్కన గరిటె, స్టీలు గ్లాసు, రొట్టెముక్క, వేణుగోపాల్ ఫ్యాక్టరీ కార్డు తాడు, ఏది దొరికితే అది పెట్టేవాళ్లు. ఆయప్పకు అన్నిటికంటే ఆ కార్డు తాడు ఇష్టం. ఎడమచేతి సంచితో కొట్టి చూసేవాడు, అందేది కాదు. కోపం వచ్చేది. ఏడ్చేవాడు. ఇక్కడే ఎస్తేరమ్మ గుట్టు బయటపడింది. వందల మంది పిల్లల్ని ఏడిపిస్తూ నీళ్లు పోసిన ఆ మనిషి ఈ ఏడుపుకు తట్టుకోలేకపోయింది. పదిహేను నిమిషాలకే ముడి విప్పబోయేది.

"ఇంకా పావుగంట ఉండాది. చెయ్యి తీయ్" అని నీలావతమ్మ గదిమేది.

"రాతి గుండె నీది."

"నాదే. నీది వెన్నపూస, దాన్ని తీసుకుని మీ ఇంటికి పో."

పోయేది కాదు. నీళ్లు పోసే పని అయిపోయినా ఆ పావుగంట కూర్చునేది. ఏమైనా మారుతోందో లేదో తెలియని రోజులు కూడా వచ్చాయి. మూడు నెలలపాటు బొటనవేలు గుప్పిటలోంచి బయటికొచ్చి మళ్లీ లోపలికి దూరడం తప్ప ఇంకేమీ కనబడలేదు. యామిని ఫోనులో వీడియోలు తీసి శోభారాణికి పంపేది. "బాగుంది, ఆపొద్దు" అని జవాబు వచ్చేది. ఒకరోజు పాకుతాడనుకుంటే, కుడిచెయ్యి నేలకు ఆనించలేక ఒరిగి, కూర్చునే జరగడం నేర్చుకున్నాడు. నీలావతమ్మ ఆ రోజు దేవుడి గదిలో చాలాసేపు ఉండిపోయింది. ఎస్తేరమ్మ వెళ్లి పిలవలేదు, గడప అవతల కూర్చుని తన దేవుణ్ని తాను అడుక్కుంది. ఇద్దరూ అడిగింది ఒకటే, అడిగిన చోట్లు వేరు.

మొదటి పుట్టినరోజు దాటి పది రోజులైంది. పెరట్లో నీళ్లు పోస్తోంది ఎస్తేరమ్మ. ఆయప్ప ఇప్పుడు కాళ్ల మీద పడుకునే రకం కాదు, ఆమె ఒళ్లో నిలబడి, ఎడమచేత్తో ఆమె జాకెట్టు భుజం గట్టిగా పట్టుకుని నీళ్లు పోయించుకుంటాడు. ఆ రోజు సున్నిపిండి కంట్లో పడింది. మండింది. ఎడమ చెయ్యి వదిలితే పడతాడు, వదల్లేదు. ఏడుస్తూ, మొహం కందగడ్డ చేసుకుని, కుడిచెయ్యి ఎత్తి, ఎస్తేరమ్మ చెంప మీద ఒక్కటి వేశాడు.

దెబ్బ పెద్దదేం కాదు. ఐదు వేళ్లూ తెరిచిన తడి అరచెయ్యి, అంతే. ఎస్తేరమ్మ చెంబు జారవిడిచింది.

"నీలావతమ్మో! కొట్టినాడు! కుడిచేత్తో కొట్టినాడు నన్ను!"

ఆ కేక వీధి చివరి దాకా వినబడింది. యామిని వంటింట్లోంచి పరిగెత్తింది. షిఫ్టు ముగించి పడుకున్న వేణుగోపాల్ లేచి వచ్చాడు. నీలావతమ్మ మోకాళ్ల నొప్పి మనిషి, ఆమె వాళ్లిద్దర్నీ తోసుకుని ముందుకొచ్చి, నీళ్లు పారుతున్న బండల మీదే చతికిలబడింది.

"యాడ? యాడ కొట్టినాడు?"

"ఇగో, ఈడ. చూడు, ఎర్రగ అయిందా లేదా!"

ఎర్రగా ఏమీ కాలేదు. అయినా నీలావతమ్మ ఆ చెంపను చేత్తో తడిమి చూసింది. ఆ తర్వాత తన మొహం బిడ్డ ముందుకు చాపింది. ఎస్తేరమ్మ ఏడుస్తోంది, నవ్వుతోంది, బిడ్డను మాత్రం రెండు చేతులా పట్టుకునే ఉంది. ఆయప్పకు ఈ ముసలివాళ్లు ఎందుకిట్లా అయిపోయారో అర్థం కాలేదు. ఏడుపు మరిచిపోయి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. చివరికి కుడిచెయ్యి మెల్లగా, వంకరగా లేచి, నీలావతమ్మ బుగ్గ మీద పడి, అక్కడే కాసేపు ఆగి జారిపోయింది.

నీలావతమ్మ కదల్లేదు. కళ్లు తుడుచుకోను కూడా లేదు.

"ఇంకోటి కొట్టు నాయనా" అంది, "నాకు సరిగ్గా తగల్లా."